రహదారికి ఆవలి వైపు

కళాశాల వార్షిక సంచికకు ఏదైన ఒక వ్యాసము వ్రాసి ఇమ్మని సంపాదకవర్గము వారు ప్రతి సంవత్సరము అడుగుతారు. తెలుగు అధ్యాపకులము గనుక వేమనను గూర్చియో, ప్రబంధములను గూర్చియో నాలుగు పుటలు వ్రాసి ఇయ్యడము మాకు అలవాటు. ఈ సంవత్సరము మాత్రము సాహిత్యమును ప్రక్కన పెట్టి, మన కళాశాల ద్వారమునకు ఎదుట రాత్రింబవళ్ళు మ్రోగుతూ ఉండే రహదారిని గూర్చి వ్రాయవలెనని కూర్చున్నాము. ఇందుకు ఒక కారణము కలదు. ఆ కారణములో మా తప్పు కూడ కొంత ఉన్నది. దానిని ముందుగా ఒప్పుకొని, తక్కిన మాటలు తరువాత చెప్పుట మర్యాద.

మా ఇల్లు రహదారికి ఈవల, మా ఖాలా ఇల్లు ఆవల. మా చిన్ననాట ఆ రెండిళ్ళకు నడుమ దూరము ఎంత అని ఎవరైన అడిగితే అడుగులలో చెప్పలేము. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యము చాలవని తెలిసి, చేట చేతపట్టుకొని ఖాలా ఇంటికి పోయి, అప్పు తెచ్చి, ఎసరు మరిగే లోపల తిరిగి వచ్చేది. అంత దూరము. ఆ రెండిళ్ళు నేటికిని ఉన్నచోటనే ఉన్నవి. అక్కచెల్లెండ్రు ఇద్దరును ఉన్నారు. కాని మా అమ్మ నడిచి తన చెల్లెలి ఇంటికి పోయి పది సంవత్సరములు కావస్తున్నది. పోవలెనంటే ఆటో మాట్లాడుకోవలె. ఆ ఆటో ఊరి చివర డివైడరు తెగిన చోటు దాక పోయి, అక్కడ తిరిగి, మరల అంత దూరమును వెనుకకు రావలె. మేడ ఎక్కి నిలుచుంటే చెల్లెలి ఇంటి కిటికీ కనబడుతుంది. కనబడే ఇంటికి బాడుగ ఇచ్చి పోవడము ఆమెకు ఇప్పటికిని వింతగానే ఉన్నది.

ఆ పాత బాటను నేటి విద్యార్థులు చూచి ఉండరు. రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగవలసినంత ఇరుకు బాట అది. రెండు వైపుల వేపచెట్లు. ఆ చెట్ల క్రింద ఒక దర్జీ, ఒక సైకిలు మరమ్మతు వాడు, మిరపకాయ బజ్జీలు వేసే ఒక అవ్వ. ఇండ్లముందు అరుగులు. రంజాను మాసములో సాయంకాలము కాగానే పళ్ళెరములపై గుడ్డలు కప్పుకొని పిల్లలు ఆ బాట మీద ఇటునుండి అటు, అటునుండి ఇటు తిరిగేవారు. సంక్రాంతికి ఆవలి వైపు నుండి అరిసెలు వచ్చేవి. పండుగనాడు ఈవలి నుండి షీర్ ఖుర్మా పోయేది. ఆ పళ్ళెరము ఏనాడును ఖాళీగా తిరిగి రాలేదు. మా మొహల్లా అని, వారి వాడ అని పేర్లు వేరైన మాట నిజమే; కాని ఆ బాట రెండింటికిని నడిమి వాకిలివలె ఉండేది.

అట్లని ఆ బాటలో కష్టము లేకపోలేదు. దుమ్ము, వాన వస్తే బురద, సంతనాడు గంటలకొద్ది ఆగిపోయే బస్సులు. ప్రసవవేదన పడే స్త్రీని ఆసుపత్రికి తీసుకొనిపోయే బండి ఆ ఇరుకులో చిక్కుకొన్న దినములు కూడ మాకు జ్ఞాపకము ఉన్నవి. కనుక గడచిన కాలమంతయు బంగారమని చెప్పుట మా ఉద్దేశము కాదు.

మేము హైదరాబాదులో ఎం.ఏ. చదువుకొంటున్న దినములలోనే, 2009 అక్టోబరులో, మెహదీపట్నము నుండి ఆరాంఘర్ దాక 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభముల మీద నిలిపిన పి. వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గము తెరువబడినది. దానిని చూచుటకు స్నేహితులతో కలిసి పోయినాము. శంషాబాదు విమానాశ్రయమునకు పోయే కార్లు మా తలలపై దూసుకొనిపోతుంటే క్రింద నిలిచి ఆనందించినాము. ఆ మార్గము మీదికి ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. మాలో ఒక్కరికైన కారు లేదు. అయినను అది మాకొరకు కట్టినదే అని అనుకొన్నాము. అభివృద్ధి అనే మాటకు అంత మహిమ ఉన్నది. మనకు అందనిది కూడ మనదే అనిపిస్తుంది.

ఉద్యోగములో చేరిన మరుసటి సంవత్సరము, అనగా 2013లో, ఊరి పెద్దలు రహదారిని విస్తరింపవలెనని అర్జీ పెట్టదలచినారు. తెలుగు మాస్టరు గనుక ఆ అర్జీ వ్రాసే పని మాకు అప్పగించినారు. మేము ఎంతో ఉత్సాహముతో వ్రాసినాము. సమాసములు కూర్చినాము. 'శరవేగమున', 'నిరాటంకముగ' వంటి మాటలు ప్రయోగించినాము. బాట మీద పోయేవారిని గూర్చి రెండు పుటలు వ్రాసినాము. బాటను దాటేవారిని గూర్చి ఒక్క వాక్యమైన వ్రాయలేదు. మా అమ్మ దినమునకు నాలుగు మార్లు దాటే బాటను గూర్చి వ్రాస్తూ, మా అమ్మనే మరచినాము.

2015 నాటికి రహదారి నాలుగు వరుసలైనది. వేపచెట్లు పోయినవి. అరుగులు పోయినవి. నడుమ ఛాతీ ఎత్తున డివైడరు లేచినది. లారీలు ఆగవలసిన పని లేకపోయినది. ఆసుపత్రికి పోయే బండికి దారి దొరికినది. ఆ మేలును మేము కాదనము. కాని దర్జీ మరొక వీధికి పోయినాడు. సైకిళ్ళవాడు ఆ పనే మానుకొన్నాడు. బజ్జీల అవ్వ ఏమైనదో ఎవరును అడుగలేదు, మేమును అడుగలేదు. పళ్ళెరములు మోసే పిల్లలను ఏ తల్లియు ఆ బాట మీదికి పంపలేదు. రెండు మూడు పండుగలు గడిచేసరికి ఇచ్చి పుచ్చుకోవడము నిలిచిపోయినది. ఎవరికిని ఎవరిమీదను కోపము లేదు. దాటే వీలు లేదు, అంతే. ఇప్పుడు ఆవలి వైపు పిల్లలకు ఈవలి పిల్లల పేర్లు తెలియవు.

కొన్ని సంవత్సరముల క్రిందట మన కళాశాల విద్యార్థిని ఒకతె, పరీక్షకు వేళ మించిపోతున్నదని డివైడరు ఎక్కి దిగుతూ బండి క్రింద పడినది. ప్రాణము దక్కినది. కాలు విరిగి ఆ సంవత్సరము చదువు పోయినది. ఆమెను ఆసుపత్రిలో చూడబోయినప్పుడు, "సార్, చుట్టు తిరిగి వస్తే ఆలస్యము అయ్యేది" అని మాకే క్షమాపణ చెప్పినది. ఆ మాటకు బదులు చెప్పలేక, చేతిలోని పండ్ల సంచిని ఆమె తల్లికి ఇచ్చి వచ్చేసినాము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. కళాశాల ముందు ఫ్లైఓవరు కట్టింపవలెనని మన పాలక సంఘము వారు ఆలోచిస్తున్నారు. లారీలు పైన పోతాయి, పిల్లలు క్రింద క్షేమముగా దాటుతారు అన్నది వారి సదుద్దేశము. దానిని శంకించుట మా పని కాదు. ఆ అర్జీని కూడ మమ్మునే వ్రాయుమని అడిగినారు. కొలతల కొరకు వచ్చినవారు రెండు వైపుల గోడల మీద ఎర్రరంగుతో గీతలు గీచి పోయినారు. ఆ గీతలలో ఒకటి మా ఖాలా ఇంటి గోడ మీద ఉన్నది. కనుక ఈ విషయములో మాకు స్వార్థము లేదని చెప్పుకోలేము. చదువరులు ఆ సంగతిని మనస్సులో ఉంచుకొనియే తక్కిన వ్యాసమును చదువవలెనని మనవి.

కలము పట్టి కూర్చున్నాము గాని అర్జీ సాగలేదు. ఆ దినములలోనే మా పూర్వ విద్యార్థి ఒకని నుండి ఒక ఉత్తరము, కొన్ని ఛాయాచిత్రములు వచ్చినవి. అతడు పెనుకొండ దగ్గరి కొరియావారి కార్ల కర్మాగారములో పని చేస్తున్నాడు. శిక్షణ నిమిత్తము ఆ దేశమునకు పంపినారట. సెలవునాడు సియోలు నగరము చూడబోయి, నగరము నడుమ పారుతున్న ఒక చిన్న ఏటి గట్టున కూర్చుని ఆ ఉత్తరము వ్రాసినాడు. "సార్, ఇక్కడ ఇంతకుముందు మన పెద్ద ఫ్లైఓవరు వంటిది ఉండినదట. దానిని పడగొట్టి ఏరు తీసినారు. మేము కార్లు చేసేవాళ్ళము గదా, నాకు నవ్వు వచ్చింది" అని వ్రాసినాడు. మాకు నవ్వు రాలేదు. ఆ సంగతిని గూర్చి దొరికినంతవరకు చదివినాము.

ఆ ఏటి పేరు చొంగ్గెచొన్. కొరియా రాజులు సియోలును రాజధానిగా చేసుకొన్న నాటి నుండి అది నగరము నడుమ పారుతున్నది. 1950 నుండి 1953 వరకు సాగిన యుద్ధములో ఇల్లు వాకిలి పోగొట్టుకొన్నవారు వేలకొద్ది వచ్చి దాని గట్టున గుడిసెలు వేసుకొన్నారు. ఏరు మురికికాలువ అయినది. దానిని కడుగుట కంటె కప్పుట సులభమని 1958లో కాంక్రీటుతో కప్పడము ఆరంభించినారు. ఆ కప్పు మీద బాట వేసినారు. ఆ బాటపై, 1976 నాటికి, 5.6 కిలోమీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు గల మరొక బాటను స్తంభముల మీద నిలిపినారు. దానిని దేశ ప్రగతికి చిహ్నమని చెప్పుకొన్నారు. మనము హైదరాబాదులో తల ఎత్తి చూచి సంతోషించినట్లే వారును సంతోషించి ఉంటారు.

ఇరువది సంవత్సరములు గడిచేసరికి స్తంభములు జీర్ణించినవి. క్రింది వీధులు చీకటిపడి, పొగతో నిండి, నగరములో తక్కిన భాగములకంటె వెనుకబడినవి. క్రింది బాట, పై బాట కలిపి దినమునకు సుమారు 1,68,000 వాహనములు పోయేవి. మరమ్మతు చేయుటయా, పడగొట్టుటయా అనే ప్రశ్న వచ్చినది. 2002లో నగరాధ్యక్షునిగా ఎన్నికైన లీ మ్యుంగ్ బాక్ అనే ఆయన పడగొట్టుటకే నిశ్చయించినాడు. ఆయన ఒకప్పుడు గొప్ప నిర్మాణ సంస్థకు అధిపతి. కాంక్రీటు మీద ద్వేషము గలవాడు కాదు. 2003 జూలైలో పని ఆరంభమైనది. 2005 అక్టోబరు 1వ తేదీన ఏరు ప్రజలకు తెరువబడినది. ఇప్పుడు 5.8 కిలోమీటర్ల పొడవున నీరు పారుతున్నది. దాని మీద ఇరువదికి పైగా వంతెనలు. ప్రక్క వీధులతో పోలిస్తే ఏటి గట్టున ఎండాకాలపు వేడి మూడు మొదలు ఆరు డిగ్రీల దాక తక్కువగా ఉన్నదని కొలిచి చూచినవారు తేల్చినారు.

మరి ఆ లక్షా అరువది ఎనిమిది వేల వాహనములు ఏమైనవి? నగరమంతయు స్తంభించి పోవలె గదా? అందరును అట్లే భయపడినారు. కాని స్తంభించలేదు. మన విద్యార్థులు ఆలోచింపవలసిన చోటు ఇదే. వాహనములు నీటివంటివని, ఒకచోట అడ్డు కడితే మరొకచోట పొంగి పొరలుతాయని మనము అనుకొంటాము. కాని వాహనములను నడిపేవారు మనుష్యులు. దారి సుళువుగా ఉంటే అక్కర ఉన్నవాడును బయలుదేరుతాడు, అక్కర లేనివాడును బయలుదేరుతాడు. దారి లేకపోతే ఒకడు వేళ మార్చుకొంటాడు, ఒకడు బస్సు ఎక్కుతాడు, ఒకడు రెండు పనులను ఒక్క ప్రయాణములో ముగించుకొంటాడు. సియోలు వారు పడగొట్టి ఊరుకొనలేదు. 2004 జూలైలో బస్సుల ఏర్పాటునంతటిని మార్చినారు. పెద్ద వీధుల నడుమ బస్సులకే ప్రత్యేకముగా దారి విడిచినారు. ఒక బస్సు దిగి మరొకటి ఎక్కినా, భూగర్భ రైలు ఎక్కినా, మొత్తము దూరమునకే చార్జీ పడేట్లు చేసినారు.

ఇందులో ఒక గణిత రహస్యము కూడ ఉన్నది. ప్రతివాడును తనకు దగ్గర దారిని ఎన్నుకొనే చోట, క్రొత్తగా ఒక దారిని చేర్చితే అందరికిని ఆలస్యము పెరుగవచ్చునని, ఒక దారిని తీసివేస్తే అందరికిని మేలు జరుగవచ్చునని డీట్రిక్ బ్రేస్ అనే జర్మను గణిత శాస్త్రజ్ఞుడు 1968లోనే నిరూపించినాడు. మన ఇండ్ల ఉదాహరణ చెప్పుకోవచ్చును. వలీమా విందులో పందిటికి రెండు వాకిండ్లు ఉన్నవి. జనము సగము ఇటు, సగము అటు వచ్చి కూర్చుంటున్నారు. వంటపాక మీదుగా మూడవ దారి దగ్గరని ఎవరో తెరిచినారు. అందరును అటే తోసుకొని వచ్చినారు. డేగిసాలు మోసేవారికి కదిలే చోటు లేకపోయినది, కూర్చున్నవారికి అన్నము రాలేదు. ఆ మూడవ దారిని మూసిన పెద్దమనిషికి తెలిసిన లెక్కనే బ్రేస్ గారు కాగితము మీద చేసి చూపినారు.

ఇంతవరకు చదివి, సియోలు కథ అంతయు శుభమేనని అనుకోరాదు. ఏటి కప్పుమీద, గట్టుల వెంట బండ్లు పెట్టుకొని పాత సామానులు, బట్టలు, పనిముట్లు అమ్ముకొనేవారు ఎందరో ఉండినారు. ఏరు రావలెనంటే వారు పోవలసి వచ్చినది. వారిలో చాలమందిని దగ్గరలోని తొంగ్దేమున్ క్రీడాప్రాంగణములోనికి మార్చినారు. కొన్ని సంవత్సరములకే ఆ క్రీడాప్రాంగణమును కూడ కూల్చి, అక్కడ ఒక గొప్ప ప్రదర్శనశాల కట్టినారు. బండ్లవారు మరల మూట కట్టుకొన్నారు. గట్టున అద్దెలు పెరిగినవి. పారే నీరు కూడ సహజముగా వచ్చేది కాదు. హాన్ నది నుండి యంత్రములతో తోడి పోసేదే ఎక్కువ. అది ఏరు కాదు, పొడవైన నీటి తొట్టి అన్న విమర్శకులు ఉన్నారు. బాటను పడగొట్టుట ఒక పని, బాట క్రింద బ్రతికినవారిని నిలుపుట మరొక పని. మొదటిది చేసినంత మాత్రాన రెండవది దానంతట అది జరుగదు.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమునందును ఇట్లే జరిగినది. అక్కడ సముద్రతీరము వెంట 1959లో రెండంతస్తుల రహదారి తెరిచినారు. నగరమునకు సముద్రము కనబడకుండ పోయినది. దానిని తీసివేయుదమా అని 1986లో ప్రజల ఓటు అడిగితే, వద్దని చెప్పినారు. 1989 అక్టోబరు 17న వచ్చిన భూకంపములో ఆ కట్టడము దెబ్బతిన్నది. వాడుక లేని దినములలో, అది లేకపోయినను బ్రతుకవచ్చునని జనమునకు అనుభవమైనది. 1991లో కూల్చివేయడము మొదలుపెట్టినారు. ఇప్పుడు అక్కడ తాటిచెట్ల వీధి, ట్రాము బండ్లు, నడిచేవారు ఉన్నారు. కాని ఆ కూల్చివేతను గట్టిగా ఎదిరించినవారు చీనా దేశీయుల పేటలోని చిన్న అంగళ్ళవారు. ఆ రహదారి మీదుగానే వారి గిరాకీ వచ్చేది. వారిని శాంతింపజేయుటకు రైలు మార్గము వేస్తామన్నారు. భూగర్భములో ఆ రైలు వారి పేటకు పూర్తిగా నడిచేసరికి 2023 వచ్చినది. ముప్పది సంవత్సరములు అంగడి తెరుచుకొని ఎదురు చూడగలవాడు ఎవడు? మేలు చేయదలచినవారు ప్రత్యామ్నాయమును ముందు చూపి, పలుగును తరువాత ఎత్తవలె.

ఇంకొక మాట. ఇట్టి రహదారులు ఎవరి ఇండ్లమీదుగా పోయినవని ఆలోచించినప్పుడు మాకు బాధ కలిగినది. అమెరికాలో 1956 నాటి శాసనముతో దేశమంతట పెద్ద రహదారులు వేయ నారంభించినారు. న్యూ ఆర్లీన్సులో క్లైబోర్న్ వీధి అని ఒకటి ఉండినది. అది నల్లజాతివారి పేటకు గుండెకాయ. వీధి నడుమ వరుసగా ఓక్ వృక్షములు. వాటి నీడలోనే వారి ఉత్సవములు, వారి బాజాభజంత్రీలు. 1966లో ఆ వృక్షములను నరికి, అక్కడ స్తంభములు నాటి, పైన రహదారి పరిచినారు. న్యూయార్కు రాష్ట్రములోని సిరక్యూస్ నగరములో పదిహేనవ వార్డు అనే పేటకును అదే గతి పట్టినది. అక్కడను నల్లజాతివారి ఇండ్లే పోయినవి. బలము గలవాని తోటను చుట్టిపోయే రహదారి బలహీనుని పెరటిలోనుండి తిన్నగా పోతుంది. సిరక్యూస్ లోని ఆ ఎత్తైన మార్గమును తీసివేసి, నగర వీధులను మరల కలిపే పని 2023లో ఆరంభమైనది. రెండు తరములు గడిచిన తరువాత ఆ కలిపే వీధులలో ఎవరు కాపురముండగలరు అన్నదే ఇప్పుడు అక్కడి పేదవారి ప్రశ్న.

ఈ ఊళ్ళు మనవి కావు. వారి ధనము వేరు, వారి వీధులు వేరు. మనకు పడగొట్టుటకు ఫ్లైఓవరు కూడ ఇంకను లేదు. అయితే వారు కోట్లు వెచ్చించి కట్టి, మరల కోట్లు వెచ్చించి కూల్చి నేర్చుకొన్న పాఠమును మనము ఊరకనే నేర్చుకొనే అవకాశము ఉన్నది. అధ్యాపకులము గనుక ఒకరి తప్పునుండి వేరొకరు నేర్చుకోవచ్చునని నమ్ముట మా వృత్తిధర్మము.

పాలక సంఘము పెద్దలకు మా విన్నపము ఇది. ఫ్లైఓవరు వస్తే లారీలు పైన పోతాయన్న మాట నిజమే. కాని దాని ఎక్కుడుకు, దిగుడుకు రెండు వైపుల నేల కావలె. ఎర్ర గీతలు చూచిన ఎవరికైన ఆ నేల ఎవరిదో తెలుస్తుంది. ఈవల మన మొహల్లా అంగళ్ళ వరుస, ఆవల కూలిపని చేసుకొనేవారి ఇండ్లు. మన విద్యార్థులలో చాలమంది ఆ ఇండ్లనుండి వచ్చేవారే. వారి క్షేమము కొరకు వారి ఇండ్లనే తీసుకొంటే, పిల్లలు దాటే బాట మిగులుతుంది గాని, దాటి వచ్చే పిల్లలు దూరమవుతారు. స్తంభముల క్రింద చీకటిలో సాయంకాలము ఆడపిల్లలు నడిచి పోవలసిన సంగతిని కూడ పెద్దలు ఆలోచింపవలె.

దూరప్రయాణపు లారీలకు ఊరి వెలుపల దారి అడుగుదము. ఆ దారి కూడ ఎవరి పొలము మీదుగానో పోతుంది. వారికి న్యాయమైన వెల ముందుగా ఇయ్యవలెనని అదే అర్జీలో వ్రాయుదము. ఊరిలోని బాటను ఊరి బాటగా చేయుమని కోరుదము. కళాశాల ద్వారము ఎదుట, సంత ఎదుట డివైడరు తెరువవలె. అక్కడ దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తునకు లేపితే బండ్లు తమంతట తామే నెమ్మదిస్తాయి. దీపపు సంకేతము పెట్టవలె. నాలుగు వరుసలలో రెంటిని తగ్గించి, ఆ స్థలములో నడిచేవారికి దారి, బస్సు ఎక్కేవారికి నీడ, తోపుడు బండ్లవారికి గుర్తు వేసిన చోటు ఇయ్యవలె. ఆసుపత్రి బండి పోవుటకు అడ్డులేని కొలతలు పెట్టవలె. పాత ఇరుకునకు తిరిగి పోదమని మేము అనుట లేదు. వేపమొక్కలు నాటుటకు డబ్బు ఎక్కువ పట్టదు. మన విద్యార్థులే నీరు పోస్తారు.

విద్యార్థులకు ఒక పని చెప్పదలచినాము. ఒక వారము దినములు, ఉదయము తొమ్మిది నుండి పది దాక, సాయంకాలము నాలుగు నుండి ఐదు దాక ద్వారము దగ్గర నిలుచుండి, ఎందరు దాటినారు, ఎక్కడ దాటినారు, డివైడరు ఎక్కి దిగినవారు ఎందరు, చేతిలో బిడ్డతో నిలిచిపోయినవారు ఎందరు అని లెక్క వ్రాయుడు. ఈ రహదారి మీద ఎన్ని వాహనములు పోతాయో లెక్కకట్టుటకు మనుష్యులు వచ్చి కూర్చున్నది మేము చూచినాము. దాటేవారిని లెక్కకట్టుటకు ఇంతవరకు ఎవరును రాలేదు. లెక్కలో లేనివాడు పటములోను ఉండడు. మీ లెక్క అర్జీకి జతపరుస్తాము. ఉర్దూ శాఖవారు దానిని ఉర్దూలో సిద్ధము చేస్తామన్నారు. ఆవలి వైపు వాడలోని పెద్దలను కూడ కలిసి మాటలాడినాము. పది సంవత్సరముల తరువాత వారి అరుగు మీద కూర్చుని చాయ త్రాగినాము. అరుగు ఇప్పుడు సగమే ఉన్నది.

పాలక సంఘము వారు మా మాటను ఒప్పుకొంటారో లేదో తెలియదు. ఒప్పుకోకపోయినను, వారు అడిగినారు గనుక వారి అర్జీని వ్రాయగల మరొక అధ్యాపకుడు దొరుకుతాడు. మా కలము మాత్రము ఈ రెండవమారు ఆ పనికి సాగలేదని వారికి వినయముతో తెలుపుకొంటున్నాము.

ఒకనాటి రాత్రి భోజనముల వేళ సియోలు ఏటి ఛాయాచిత్రములను మా అమ్మకు చూపించినాము. గట్టున కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకొన్న ముసలివాళ్ళను చాలసేపు చూచినది. 2013 నాటి మా అర్జీ సంగతి ఆమెకు తెలుసు. ఇన్నేండ్లలో ఒక్కనాడైన దానిని ఎత్తి చూపలేదు. ఆనాడు మాత్రము చిత్రములను తిరిగి చేతికి ఇస్తూ అన్నది: "నాకు ఏరు వద్దు బేటా. ఆ గోడలో మనిషి పట్టేంత సందు ఒకటి ఇప్పించు. మీ ఖాలాకు మోకాళ్ళ నొప్పి, ఆమె రాలేదు. నేనే పోయి వస్తా."

క్రొత్త అర్జీలో మొదటి కోరికగా ఆ సందునే వ్రాసినాము. అర్జీ తెలుగు శాఖ గదిలో బల్ల మీద ఉన్నది. దాటేవారందరును వచ్చి సంతకము చేయవచ్చును.